గొర్రు ఊళ్ళలో నా తూనీగ

అనంతపురం వైపు ఎందుకు వెళ్ళావని తిరిగొచ్చాక అందరూ అడిగారు. లేపాక్షి బసవన్నను చూడ్డానికా అని ఒకరు, పట్టుచీరలకా అని ఇంకొకరు. రెండూ కాదు. ఒక మనిషి మీద కుళ్ళుకోడానికి వెళ్ళాను. ఇన్నేళ్ళూ విజయవాడలో కూర్చుని దూరం నుంచి కుళ్ళుకున్నాను. ఈసారి దగ్గరికి పోయి, కళ్ళారా చూసి కుళ్ళుకుందామనిపించింది.

ఆ మనిషి పేరు నరసింహులు. బెంగుళూరులో ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో పనిచేసినవాళ్ళం. ఆఫీసు పని అయ్యాక ఇద్దరమూ చెరొక ఎడిటరు తయారు చేసుకున్నాం. ఎడిటరంటే పత్రిక నడిపే పెద్దమనిషి కాదు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు కూర్చుని రాసుకునే సాఫ్ట్‌వేరు. దర్జీకి కుట్టుమిషను ఎలాగో ప్రోగ్రామరుకు ఎడిటరు అలాగ. ఏ మీట నొక్కితే ఏం జరుగుతుందో వేళ్ళకు ఒకసారి అలవాటైతే, ఇంకోదానికి మారమంటే ప్రాణం మీదికొస్తుంది. నాది తూనీగ. వాడిది గొర్రు.

గొర్రంటే విత్తనాలు వేసే పనిముట్టు. అడ్డకొయ్యకు వరసగా పళ్ళుంటాయి, పైన గింజలు పోసే గిన్నె ఉంటుంది, ఒక్క పోతలో అన్ని సాళ్ళలోనూ గింజ పడుతుంది. వాడి ఎడిటరూ అదే చేస్తుంది. ఒకచోట టైపు చేస్తే కావలసినన్ని వరసల్లో ఒకేసారి పడుతుంది. అంతకుమించి దాన్లో చూడ్డానికేమీ లేదు. బూడిదరంగు తెర, మొద్దు అక్షరాలు. నా తూనీగ అలా కాదు. దాని రంగులు చూసి కుర్రకారు ముచ్చటపడింది, కాలేజీల్లో తూనీగ బొమ్మ చొక్కాలు వేసుకుని తిరిగారు. పత్రికల్లో నా ఫొటో పడ్డ రోజున నరసింహులు కాఫీ తాగుతూ, బాగుండాదప్పా అని ఒక్క మాటన్నాడు. అప్పుడు వాడి మొహం ముడుచుకుందని నేను పండగ చేసుకున్నాను.

తర్వాత ఒక పెద్ద కంపెనీ తన ఎడిటరును ఊరికే ఇవ్వడం మొదలుపెట్టింది. నా వాళ్ళంతా అటు ఎగిరిపోయారు. ఆ దెబ్బకు గొర్రు ముందు పోతుందని లెక్కవేసుకున్నాను. పోలేదు. నాదే పోయింది, కొత్తవి చేయడం మానేశాను. తూనీగ వెబ్‌సైటు గడువు ఈ నెలాఖరుకు తీరుతుంది. ఈసారి పొడిగించకుండా మూసేద్దామని తీర్మానించుకున్నాను. మూసే ముందు ఒక్కటి తెలుసుకోకపోతే నాకు నిద్రపట్టేట్టు లేదు: నాది పోయి వాడిది ఎలా మిగిలింది? ఫోన్ చేసి వస్తున్నానన్నాను. విత్తనం కాలం, వచ్చి చూసిపొమ్మన్నాడు. దారిలో కదిరిలో ఒకరినీ రాప్తాడులో ఒకరినీ కలవమని పేర్లు కూడా ఇచ్చాడు. తన భక్తులను నాకు చూపించాలని వాడి ఆరాటం.

కదిరి

కదిరిలో రైలు దిగేసరికి గాలి చొక్కా పట్టుకు లాగుతోంది. మా వైపు గాలి వీస్తే తడి వాసన వస్తుంది. ఇక్కడి గాలికి మన్ను తప్ప ఇంకో వాసన లేదు. స్టేషను బయట తోపుడుబండి దగ్గర ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు నలభై రూపాయలు. బొరుగులు, అంటే మా మరమరాలు, నీళ్ళలో తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. బండి పెట్టుకున్న ఆమె నన్ను చూసి, బజ్జీ కారంగా ఉంటుంది, ఒకటి చాలన్నది. గుంటూరు పక్కవాణ్ణి, నాకు కారం చెప్తావా అన్నాను. రెండో బజ్జీ సగంలో ఉండగా కళ్ళలో నీళ్ళు కారాయి. ఆమె నవ్వకుండా చెంబుతో నీళ్ళిచ్చింది. నవ్వి ఉంటే బాగుండేది.

బాషా అనే ఆయన బట్టల కొట్టు మేడమీద కంప్యూటరు పాఠాలు చెబుతాడు. నలభై దాటినవాడు, గొంతు పెద్దది. చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వచ్చిన ఆడపిల్లలు బెంచీల మీద ఒత్తుగా కూర్చుని ఉన్నారు. ప్రతి తెర మీదా అదే బూడిదరంగు. ఇన్ని గొర్రులను ఒక్క గదిలో చూడడం అదే మొదటిసారి. ఎండలో నిలబడ్డట్టు ఒళ్ళు వేడెక్కింది.

మాట్లాడుతుండగా కరెంటు పోయింది. మా ఊళ్ళో అయితే ఇంతమంది కంప్యూటర్ల ముందు కూర్చుని ఉండగా కరెంటు పోతే గది గోలెత్తిపోతుంది. వీళ్ళు ఒకరివైపు ఒకరు తిరిగి కబుర్లలో పడ్డారు. కరెంటు వచ్చింది. రాసింది రాసినట్టు, ఆఖరి అక్షరంతో సహా తెర మీదికొచ్చింది. మీట నొక్కిన ప్రతిసారీ దాచుకునేట్టు నరసింహులు చేసి పెట్టాడట. నేను బెంగుళూరులో చల్లటి గదిలో కూర్చుని తూనీగ రెక్కల రంగు దిద్దుతున్న రోజుల్లో వాడు కరెంటు పోవడం గురించి ఆలోచించాడు. వాడి ఊరు వాడికి అంత సాయం చేసింది. నా ఊరు నాకేం చేసిందని బెజవాడ మీద కూడా కోపం వచ్చింది.

తూనీగ అనే ఒక ఎడిటరుండేది, అది వాడలేదా అని ఊరికే అడిగినట్టు అడిగాను. నేనెవరో బాషాకు చెప్పలేదు, నరసింహులు స్నేహితుణ్ణని మాత్రమే అన్నాను.

"తూనీగనా? శానా అందంగా ఉంటాండె సార్," అన్నాడు. "రెండేండ్లకు ఒగసారి కొత్తది వచ్చిందనేవాళ్ళు, మన పాతదంతా చెడిపోతాండె. పాఠాలన్నీ మల్ల రాసుకోవల్ల. అందానికి ఎన్నిసార్లు రాస్తాం చెప్పు?"

ఆ కొత్తవన్నీ నేను కళ్ళు కాయలు కాచేలా కూర్చుని చేసినవి. ప్రతిసారీ పాతదాన్ని పడగొట్టి పునాది నుంచి కట్టాను, అదే గొప్ప అనుకున్నాను. తెరలవైపు తిరిగాను. గొర్రు మొదటిసారి తెరిచినప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంది: సెనక్కాయ సాలా, కంది సాలా? మీటలు పనిచేసే తీరు రెండు రకాలట, ఎవరికి నచ్చింది వాళ్ళు ఎంచుకోవచ్చట. తను మొదటి నుంచీ సెనక్కాయే వాడతానని, ఈ పిల్లలు చెబితే వినకుండా కంది పట్టుకుంటారని బాషా అన్నాడు. సాఫ్ట్‌వేరులో కూడా వేరుశెనగా కందీ ఏమిటి, వీడి పల్లెటూరి పైత్యం పోలేదు అనుకున్నాను. అలా అనుకోగానే కొంచెం హాయిగా అనిపించింది.

రాప్తాడు

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దారి పొడుగునా ఎర్రటి నేల, నల్లటి గుట్టలు. నీళ్ళ జాడ లేదు. మా వైపు గంటసేపు ప్రయాణం చేస్తే నాలుగు కాలువలు దాటుతాం. ఇక్కడ పక్కనున్న ముసలాయన మొన్న పడ్డ వాన గురించి, పెళ్ళి ముచ్చట్లు చెప్పినంత వివరంగా చెప్పాడు. ఏ ఊరి దాకా పడింది, ఏ గట్టు దగ్గర ఆగిపోయింది, ఎవరి చేనుకు అందలేదు. పక్క ఊరికి పడి తమ ఊరికి పడని వాన గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఉన్నది నాకు బాగా తెలిసిన రుచే. ఆ ఒక్క విషయంలో మేమిద్దరం ఒకటే ఊరివాళ్ళం.

రాప్తాడులో లక్ష్మీదేవి ఇల్లు హైవేకు కాస్త లోపలికి ఉంది. ఆమెకు ముప్పై లోపు ఉంటాయి. బెంగుళూరు కంపెనీకి ఇంటినుంచే ప్రోగ్రాములు రాస్తుంది. వాళ్ళ నాయనకు జీవాలున్నాయి, గొర్రెలూ మేకలూ కలిపి ఒక మంద. నేను భుజానికి తగిలించుకెళ్ళింది పాత గుడ్డసంచి, దాని మీద తూనీగ బొమ్మ ఉంటుంది. కావాలనే తీసుకెళ్ళాను, ఎవరైనా గుర్తుపట్టకపోతారా అని. సంచిని అరుగు మీద పెట్టి కాళ్ళు కడుక్కుని వచ్చేలోగా ఒక మేక దాని పట్టీనీ, తూనీగ ఎడమ రెక్కనూ నమిలేసింది. లక్ష్మి వాళ్ళ నాయన మేకను అదిలించి, సంచి నాకందిస్తూ అన్నాడు:

"బొమ్మకు రాలేదప్పా అది. నీ చెమట ఉప్పుకు వచ్చింది."

మధ్యాహ్నం రాగి సంగటి, ఊరిబిండి. వేయించిన వేరుశెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు కలిపి రోట్లో నూరిన పచ్చడి అది. సంగటిని నమలకూడదట, ముద్ద పచ్చట్లో అద్ది మింగాలట. నేను నములుతుంటే లక్ష్మి వాళ్ళ నాయన తన పళ్ళెం పక్కన పెట్టి, మింగడం ఎలాగో రెండుసార్లు చేసి చూపించాడు. మూడో ముద్దకు నాకూ పట్టుబడింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గదా, మా ఇంట్లో రాగులు చేస్తే నేను ముట్టను.

తిన్నాక లక్ష్మి గొర్రులో తన సొంత పని ఒకటి చూపించింది. ఆ వేగం నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. వరసలు విడిపోతున్నాయి, కలుస్తున్నాయి, మాటలు ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతున్నాయి. గొర్రు ఇంత పని చేస్తుందని నాకు తెలియదు. ఆమె చేతుల మీద కాక తెర మీదే కళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. చూస్తున్నకొద్దీ గొంతులో ఊరిబిండి మంట మళ్ళీ లేచింది.

నువ్వూ సెనక్కాయేనా అన్నాను ఎగతాళిగా. కాదు, కంది సాలు అంది. కాలేజీలో దాంతోనే నేర్చుకుందట. ఆఫీసు పనికి మాత్రం ఆ పెద్ద కంపెనీ ఎడిటరే వాడమన్నారట. అప్పుడేం చేశావన్నాను.

"దాంట్లో గూడా కంది సాలు పెట్టుకున్యా సార్. ఎవరో చేసి పెట్టినారు, ఊరికే దొరుకుతాది," అంది. "ఎడిటరు యాదైనా కానీ, నా వేళ్ళకు కంది ఉంటే సాలు."

నాకిక అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. తూనీగను మింగేసిన కంపెనీ ఇంట్లోకి కూడా నరసింహులు మీటలు దూరాయి. ఎడిటరు చచ్చినా మీటలు బతికే చావు, ప్రోగ్రాములు రాసేవాడికి అంతకన్నా మంచి చావు లేదు. ఎప్పుడో పోవలసిన పాత ఎడిటర్లు కొన్ని అలాగే బతుకుతున్నాయి. లోపలికి వెళ్ళినవాడికి బయటికి రావడం తెలియని ఒక ముసలి ఎడిటరుంది, దాని మీటలు నేర్చినవాళ్ళు ఏ కొత్త ఎడిటరుకు పోయినా ఆ మీటలను వెంట తీసుకుపోతారు. ఆ అదృష్టం నాకు పడుతుందని ఒకప్పుడు అనుకున్నాను. అది నరసింహులుకు పట్టింది. ఆ కంది సాలు ఎలా ఉంటుందో చూపిస్తానని లక్ష్మి కీబోర్డు నావైపు జరిపింది. బస్సు టైమైందని చెప్పి లేచాను. బస్సుకు ఇంకా చాలా సేపుంది.

గార్లదిన్నె

నరసింహులు బస్టాపులో పాత మోపెడ్ మీద కూర్చుని ఉన్నాడు. మీసానికి నల్లరంగు వేశాడు, జుట్టు వదిలేశాడు. నన్ను చూసి మొట్టమొదట అన్న మాట, లావైనావప్పా అని. ఈ సీమలో మంచీ చెడూ మొహం మీదే అనేస్తారు. మేమైతే ముందు ప్రయాణం ఎలా జరిగిందని అడిగి, కాఫీ ఇచ్చి, ఆ తర్వాత వీపు వెనక అంటాం.

ఇంటికి కాదు, నేరుగా చేనికి తీసుకుపోయాడు. మొన్నటి వాన వాళ్ళ చేనుకు అందింది. నేలలో ఆ తడి పదును ఆరిపోకముందే విత్తు పడాలి, అందుకని ఊరంతా చేలల్లోనే ఉంది. ట్రాక్టరు వెనక ఇనప గొర్రు సాళ్ళు తీసుకుంటూ పోతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. చెక్క గొర్రు పేరు చెప్పుకుని పేరు తెచ్చుకున్నవాడు సొంత చేలో ట్రాక్టరు తోలిస్తున్నాడు. నీ గొర్రేదిరా అన్నాను. చెద తినేసిందన్నాడు. చెక్కదైనా ఇనపదైనా గొర్రు గొర్రేనట, లాగేది ఎద్దా ట్రాక్టరా అన్నది గింజకు తెలియదట. వాడితో ఎప్పుడూ ఇదే బాధ, ఎగతాళి చేస్తే అందులోంచి కూడా వాడికేదో దొరుకుతుంది.

కొన్ని సాళ్ళు వేరుశెనగ పడ్డాక ఒక సాలు మాత్రం వేరుగా వదిలారు. దాన్లో ఒకామె ఒడిలోంచి గింజలు తీసి జారవిడుస్తూ నడుస్తోంది. అవి కందులు. చేనంతా అంతే, వేరుశెనగ మధ్య మధ్యలో ఒక్కో కంది సాలు. మా వైపు కాలువ వస్తుందని నమ్మి చేనంతా వరే వేస్తాం. అదే అన్నాను.

"మీకు కాలవ ఉండాది, ఒగదాన్నే నమ్ముకుంటారు," అన్నాడు. "ఈడ వాన ఎగ్గొడితే సెనక్కాయ పోతాది. కంది మొండిది, ఆలిస్యంగా వాన పడినా కాస్తాది. ఏదో ఒగటి ఇంటికి వస్తాది గదప్పా."

గట్టు పక్కన ఆగిన ట్రాక్టరు నీడలో బస్తా పరిచి కూర్చున్నాం. వాడు సంచిలోంచి లాప్‌టాప్ తీసి గొర్రు తెరిచి నా ఒళ్ళో పెట్టాడు. అడగడం మొదలెట్టింది: సెనక్కాయ సాలా, కంది సాలా? దారి పొడుగునా నన్ను ఏడిపించిన ఆ కందిలో ఒక్క తప్పైనా పట్టుకోవాలని కంది నొక్కాను.

ఏదో ఒక వాక్యం కొట్టాను. ఒక మాట తప్పు పడింది. వెనక్కి పోవడానికి నా బొటనవేలు, చూపుడువేలు తమంత తాము కదిలి రెండు మీటలు కలిపి నొక్కాయి. అవి తూనీగ మీటలు. పదేళ్ళ అలవాటు, చేతులకు చెప్పినా వినవు. ఇది గొర్రు గదా అని నాలుక కరుచుకునేలోపే, తెర మీద మిణుకుమనే కర్సరు గీత సరిగ్గా ఆ మాట దగ్గరికి పోయి నిలబడింది. ఇంకోటి నొక్కాను. వరస రెండుగా విడిపోయింది. ఇంకోటి. మాట ఎగిరి కిందివరసలో వాలింది. బెంగుళూరులో ఏ మీట పక్కన ఏ మీట ఉంటే వేలికి నొప్పి పుట్టదో నెలల తరబడి నా చేతుల మీదే కొలుచుకున్నాను. ఒక్కటీ తప్పలేదు. అన్నీ ఉన్నాయి.

నరసింహులు కంది సాలు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నీదే," అన్నాడు. "నువ్వు ఆపేసినంక నీవాళ్ళలో మిగిలినోళ్ళు నా దగ్గరికి వచ్చిరి. గొర్రు బాగుండాదన్నా, మా వేళ్ళు చెప్తే ఇంటల్లేవు అని నా తలకాయ తినిరి. ఒగ ఏడాది వానల్లేవు, చేన్లో పని ల్యా. కూకోని అంతా ఎత్తి దీంట్లో పెట్టినా."

సంతోషం రావలసిన చోట నాకు కోపమే వచ్చింది. నా పేరెందుకు పెట్టలేదన్నాను. తూనీగ సాలు అని పెట్టొచ్చు గదా అన్నాను. గొంతు పెద్దదైందేమో, కందులు వేస్తున్నామె తల తిప్పి చూసింది.

"పెడితే నాకేం మిగుల్తాది?" అన్నాడు వాడు. "కొత్తగా వచ్చినోళ్ళు అందరూ కందే ఒత్తుతారప్పా. సెనక్కాయ నేనొగన్ని, కదిర్లో బాషా ఒగడు, అంతే. నా చేన్లో నాది ఎండిపోయి నీది కాసింది. నాకు కడుపు మండదా?"

ఇన్నేళ్ళూ వాడి మీద నేను కుళ్ళుకుంటుంటే, వాడు ఈ ఎండలో కూర్చుని నా మీద కుళ్ళుకుంటున్నాడు. మరి తీసి పారెయ్యలేకపోయావా అన్నాను.

"కాసేదాన్ని ఎవరన్నా పీకేస్తారా?"

ట్రాక్టరు వెళ్ళిపోయి నీడ పోయింది. నరసింహులు లేచి బస్తా దులుపుతూ, పేరు మార్చమంటే ఇప్పుడే మారుస్తానన్నాడు. కంది తీసేసి తూనీగ అని పెట్టడం ఒక్క మాట మార్చినంత పని. కాకపోతే ఆ పేరు పట్టుకుని ఎంతోమంది తమ తమ కంప్యూటర్లలో ఏవేవో అమర్చుకున్నారు, పెద్ద కంపెనీ ఎడిటరులో పెట్టినవాళ్ళూ ఆ పేరునే పట్టుకున్నారు, అవన్నీ చెడతాయి. లక్ష్మిదీ చెడుతుంది, బాషా దగ్గరి పిల్లలవీ చెడతాయి. కొన్నాళ్ళు తిట్టుకుని మళ్ళీ సర్దుకుంటారని కూడా వాడే అన్నాడు. నిర్ణయం నాకే వదిలేశాడు. నాకు ఆ పేరు ఎంత కావాలో వాడికి తెలుసు. ఇంటికి పోయి చెప్తానన్నాను.

రాత్రి వాళ్ళింట్లో ఓళిగలు చేశారు. మా బొబ్బట్లకన్నా పల్చగా, వెడల్పుగా ఉన్నాయి. పైన నెయ్యి పోసి, పక్కన పాలు పెట్టారు. బాగున్నాయి. బాగున్నాయని ఒప్పుకోడానికి కూడా నాకు కష్టమే అయింది.

మళ్ళీ ఇల్లు

కృష్ణ వంతెన మీద రైలు నెమ్మదించినప్పుడు నీళ్ళు చూసి, ఇంత ఉండీ మనకెందుకింత ఏడుపు అనుకున్నాను. వంతెన దాటేసరికి మళ్ళీ మొదలైంది. పేరు పెట్టించుకోవాలి. పెట్టించుకుంటే కదిరి పిల్లలందరి నోటా తూనీగ అనే మాట వస్తుంది, లక్ష్మి నోటా వస్తుంది. రెండు రోజులు ఆ మాట వాళ్ళ నోటివెంట వచ్చినట్టు ఊహించుకుంటూనే తిరిగాను. ఆ ఊహ తీపిగా ఉంది. కానీ ఊహించుకున్న ప్రతిసారీ చివర్లో బాషా గొంతు వినిపించేది, అందానికి ఎన్నిసార్లు రాస్తాం అని. తూనీగ అందువల్లే పోయింది. దాని మిగిలిన ప్రాణాన్ని కూడా అలాగే తీయడం నాకు చేతకాలేదు.

నరసింహులుకు ఫోన్ చేసి, కంది అనే ఉండనీ అన్నాను.

"నాకు తెల్సప్పా," అన్నాడు.

తెలుసన్న ఆ మాటకు మళ్ళీ ఒళ్ళు మండింది.

వెబ్‌సైటు గడువు తీరే దాకా అక్కడ ఒక్క వాక్యం ఉంచుదామనుకున్నాను: తూనీగ ఇక్కడ లేదు, గొర్రు తెరిచి కంది సాలు ఎంచుకోండి. ఆ వాక్యం రాయడానికి నా కంప్యూటరులోకి మొట్టమొదటిసారి గొర్రును దింపుకున్నాను. తెరవగానే అడిగింది, సెనక్కాయ సాలా, కంది సాలా అని. చెయ్యి కంది మీదికే పోయింది. అప్పుడు నరసింహులు చేనూ, సెనక్కాయకు ఇద్దరే అని వాడు చెప్పిన లెక్కా గుర్తొచ్చాయి. నాది వాడి చేలో పెంచి, దాన్ని చూసుకుంటూ ఇన్నేళ్ళు కుళ్ళి కూడా పీకకుండా ఉంచాడు. ఆ గొప్పతనం కూడా వాడొక్కడికే దక్కాలా?

సెనక్కాయ సాలు ఎంచుకున్నాను. ఒక్క మీటా వేలికి అందదు. ఏది నొక్కితే ఏమవుతుందో తెలియదు. అంత చిన్న వాక్యం రాయడానికి నాకు మధ్యాహ్నమంతా పట్టింది. అయినా మర్నాడూ దాన్నే తెరిచాను, ఇప్పుడీ కథ రాస్తున్నదీ దాన్లోనే. వాడి సాలు వాడేవాళ్ళం ఇప్పుడు ముగ్గురం.